తాళం బిగించేవారికి అర్హత, తలుపుకు అనుమతి
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు బహిరంగ లేఖ



ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2013లో చేసిన ప్రజాభద్రత చర్యల అమలు చట్టం, ఒకేసారి 100 మంది గాని రోజు మొత్తంలో 500 మంది గాని చేరే అవకాశమున్న సంస్థలన్నీ తమ ప్రాంగణాల్లోకి రాకపోకలను భౌతిక, సాంకేతిక సాధనాలతో నియంత్రించాలని, సీసీ కెమెరాలు అమర్చి ఆ దృశ్యాలను 30 రోజులపాటు నిల్వ ఉంచాలని ఆదేశించింది. విభజన తర్వాత ఈ చట్టం రెండు రాష్ట్రాలకూ సంక్రమించింది. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో ఆసుపత్రులు, కోచింగ్ కేంద్రాలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు ఎన్నో వేలిముద్రకో కార్డుకో తెరుచుకునే తలుపులు పెట్టుకున్నాయి. అయితే రాకపోకలను నియంత్రించాలని చెప్పిన చట్టం, ఆ తాళాలను బిగించే వ్యక్తికి ఏ అర్హత ఉండాలో, బిగించేముందు ఎవరి అనుమతి తీసుకోవాలో, బిగించిన తర్వాత ఎవరు పరీక్షించాలో నిర్దేశించలేదు. ఆ లోటును పూడ్చే నియమావళిని రెండు ప్రభుత్వాలూ తేవాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

వాడుకలో యాక్సెస్ కంట్రోల్ అని పిలిచే ఈ వ్యవస్థలో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. తలుపు వెలుపల గోడకు బిగించే రీడర్ కార్డునో వేలిముద్రనో ముఖాన్నో చదువుతుంది. కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ ఆ గుర్తింపును తన జాబితాతో పోల్చి అనుమతి ఉందో లేదో తేలుస్తుంది. తలుపు పైభాగాన ఉండే విద్యుత్ తాళం ఆ నిర్ణయాన్ని అమలు చేస్తుంది. లోపలివైపు ఉండే ఎగ్జిట్ బటన్ బయటికి వెళ్లేవారికి తలుపు తెరుస్తుంది. వీటన్నిటికీ 230 వోల్టుల విద్యుత్తును 12 లేదా 24 వోల్టులకు తగ్గించి ఇచ్చే పవర్ సప్లై పెట్టె ఒకటి, కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీ ఒకటి తోడుగా ఉంటాయి. చూడటానికి ఇది సీసీ కెమెరా బిగించినంత తేలికైన పనిగానే కనిపిస్తుంది గాని, రెండింటికీ మౌలికమైన భేదముంది. కెమెరా చెడిపోతే ఒక దృశ్యం నమోదు కాకుండా పోతుంది, తాళం చెడిపోతే మనిషి లోపల చిక్కుకుపోతాడు.

విద్యుత్ తాళాలు రెండు స్వభావాలవి. కరెంటు అందుతున్నంతసేపే పట్టి ఉంచి, అది ఆగిన మరుక్షణం వదిలేసే తాళం మొదటి రకం. దీన్ని సాంకేతిక పరిభాషలో ఫెయిల్ సేఫ్ అంటారు. కరెంటు లేనప్పుడు మూసుకునే ఉండి, కరెంటు ఇస్తేనే తెరుచుకునేది రెండో రకం. దీన్ని ఫెయిల్ సెక్యూర్ అంటారు. మొదటిది మనుషులను, రెండోది వస్తువులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కార్యాలయాల గాజు తలుపులకు ఎక్కువగా వాడే విద్యుదయస్కాంత తాళం మొదటి రకానికి చెందుతుంది. మార్కెట్లో సాధారణంగా దొరికే అయస్కాంత తాళం 600 పౌండ్ల, అంటే సుమారు 270 కిలోల బలంతోను, పెద్దది 1200 పౌండ్ల, అంటే సుమారు 540 కిలోల బలంతోను తలుపును పట్టి ఉంచుతాయి. ఊపిరాడని పొగలో ఉన్న మనిషి భుజబలంతో తెరవగలిగే తలుపు కాదది.

కరెంటు ఆగితే వదిలేసే తాళమే కదా, భయమెందుకు అన్న ప్రశ్న సహజం. ప్రమాదమంతా బిగించే తీరులో ఉంది. అగ్నిప్రమాద సమయంలో భవనానికి విద్యుత్ సరఫరా ఆపేసినా, పవర్ సప్లై పెట్టెలోని బ్యాటరీ తాళానికి కరెంటు ఇస్తూనే ఉంటుంది. సాధారణంగా వాడే 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ బ్యాటరీ, అర యాంపియర్ వరకు తీసుకునే చిన్న అయస్కాంత తాళాన్ని గంటల తరబడి మూసి ఉంచగలదు. దొంగల విషయంలో ఇది సుగుణం, మంటల విషయంలో ప్రాణాపాయం. భవనంలోని ఫైర్ అలారం ప్యానెల్ నుంచి ఒక రిలే ద్వారా, అంటే సంకేతం అందగానే వలయాన్ని తెంచే స్విచ్ ద్వారా, ఆ తాళానికి వెళ్లే కరెంటు తెగిపోయేలా వైరింగ్ చేస్తే ఈ అపాయం తొలగిపోతుంది. అలా కలపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కలపాలని తెలిసినవారు, కలిపారో లేదో చూసేవారు ఉంటే చాలు.

రెండో లోపం ఎగ్జిట్ బటన్‌కు సంబంధించినది. బటన్ వైరును కంట్రోలర్‌కు మాత్రమే కలిపితే, తలుపు తెరవాలా వద్దా అన్న నిర్ణయం లోపలివైపు కూడా కంప్యూటర్ చేతిలోనే ఉంటుంది. ఆ పరికరం మొరాయించినా, దాని సాఫ్ట్‌వేర్ స్తంభించినా, నీరో వేడిమో తగిలి పాడైనా, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం ఉండదు. బటన్‌తో పాటు అద్దం పగలగొట్టి నొక్కే ఆకుపచ్చ అత్యవసర పెట్టెను తాళానికి వెళ్లే కరెంటు తీగలోనే నేరుగా అమర్చడం దీనికి పరిష్కారం. అలా అమర్చినప్పుడు కంట్రోలర్ పరిస్థితి ఏదైనా తలుపు తెరుచుకుంటుంది. తలుపు పక్కన గోడ మీద ఆకుపచ్చ పెట్టె కనిపించినంత మాత్రాన అది తాళపు తీగను తెంచుతుందో, కంట్రోలర్‌కు ఒక సంకేతం మాత్రమే పంపుతుందో చూసేవారికి తెలియదు. దాన్ని తేల్చగలిగింది పరీక్ష ఒక్కటే.

మూసిన దారి ఎంతటి విషాదాన్ని తేగలదో చరిత్ర పదే పదే చూపింది. న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో 1911 మార్చి 25న మంటలు చెలరేగినప్పుడు, కార్మికులు సరుకు దొంగిలించి తీసుకుపోకుండా ఒక మెట్లదారి తలుపుకు వేసిన తాళం అలాగే ఉండిపోయింది. ఆ ప్రమాదంలో 146 మంది మరణించారు, వారిలో అత్యధికులు యువతులు. ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 1997 జూన్ 13న 59 మంది ఊపిరాడక చనిపోయిన ఘటనలో, బాల్కనీలో అదనపు సీట్ల కోసం బయటికి పోయే దారులను కుదించిన వైనం న్యాయస్థానాల ముందు ప్రధానాంశమైంది. సికింద్రాబాద్ భోయిగూడలోని తుక్కు గోదాములో 2022 మార్చి 23న 11 మంది బీహారీ కార్మికులు, చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మంది మరణించారు. రెండు చోట్లా లోపలివారికి బయటపడేందుకు మరో దారి లేకపోయింది. వీటిలో ఏదీ ఎలక్ట్రానిక్ తాళం వల్ల జరిగినది కాదు. అయినా పొగ నిండిన గదిలో మనిషికి మిగిలేవి కొద్ది నిమిషాలేనని, ఆ నిమిషాల్లో తలుపు తెరుచుకోకపోతే ఆ తర్వాత వచ్చే ఫైరింజన్ ఏమీ చేయలేదని ఈ ఘటనలన్నీ చెబుతున్నాయి. నిన్నటి గొళ్లెం స్థానంలో నేడు అయస్కాంతం వచ్చింది, పొగ స్వభావం మాత్రం మారలేదు.

ఈ విషయంలో దేశంలో నియమాలు లేవని అనడం సరికాదు. ఉన్న నియమాలన్నీ ఈ తలుపు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. భారత ప్రమాణాల సంస్థ ప్రచురించిన జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగో భాగం, బయటికి పోయే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలన్న సూత్రాన్ని ఏనాడో నిర్దేశించింది. కానీ ఆ స్మృతి స్వతహాగా సిఫారసు పత్రం, రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకున్న మేరకే అది చట్టబద్ధమవుతుంది. ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలకు, జనసమ్మర్దం ఉండే మరికొన్ని భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, అంటే వాడుకలోని ఎన్‌ఓసీ, తప్పనిసరి. ఆ ఎత్తుకు చేరని అసంఖ్యాక భవనాల్లోని కార్యాలయాలు, హాస్టళ్లు, క్లినిక్‌లు ఈ పరిశీలన పరిధిలోకే రావు.

ఎన్‌ఓసీ ఉన్న భవనాల్లో కూడా మరొక చిక్కుంది. నిర్మాణం ముగిశాక అగ్నిమాపక ఏర్పాట్లు చూసి అనుమతి ఇస్తారు, ఆపై పురపాలక సంఘం నివాసయోగ్యతా పత్రం, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, జారీ చేస్తుంది. విద్యుత్ తాళాలు బిగించేది చాలావరకు ఆ తర్వాతే. భవన యజమాని ఖాళీ అంతస్తును అద్దెకిచ్చాక, అద్దెకు దిగిన సంస్థ తన అవసరం కొద్దీ అడ్డుగోడలు కట్టించి, గాజు తలుపులు పెట్టించి, వాటికి తాళాలు బిగిస్తుంది. అధికారి చూసి వెళ్లిన రోజున తెరిచి ఉన్న మెట్లదారి, ఆరు నెలల తర్వాత కార్డు ఉన్నవారికి మాత్రమే తెరుచుకునే దారిగా మారిపోవచ్చు. ఆ మార్పును ఎవరికైనా తెలియజేయాలని గాని, ఎవరైనా వచ్చి చూడాలని గాని చెప్పే ప్రత్యేక ప్రక్రియ లేదు.

ఇక బిగించేవారి సంగతి. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణకు 2005లో కేంద్రం చేసిన చట్టం కాపలా సిబ్బందిని సమకూర్చే సంస్థలకు లైసెన్సును తప్పనిసరి చేసింది. గేటు దగ్గర నిలబడే గార్డుకు శిక్షణ ఉండాలని, అతని పూర్వాపరాలను పరిశీలించాలని నిర్దేశించిన ఆ చట్టం, గేటుకు యంత్రాన్ని బిగించే వ్యక్తి జోలికి పోలేదు. విద్యుత్ అమరిక పనులను రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత, యోగ్యతా పత్రమున్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమావళి చెబుతుంది. అయితే దాని దృష్టి విద్యుదాఘాతం, షార్ట్ సర్క్యూట్ వంటి అపాయాల మీద ఉంటుంది. 12 వోల్టుల తీగ షాక్ కొట్టకపోయినా తలుపును బిగబట్టి మనిషి ప్రాణం తీయగలదన్న కోణం దాని పరిధిలోది కాదు. సీసీ కెమెరాల నాణ్యత, సైబర్ భద్రతల విషయంలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 2024 ఏప్రిల్‌లో కఠినమైన ప్రమాణాలు ప్రకటించి, 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది. అది వస్తువుకు సంబంధించిన నియంత్రణ. ఎంత మంచి వస్తువైనా తప్పుగా బిగిస్తే ప్రమాదకరమే.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నాయో చూడటం అవసరం. దుబాయిలో 2016లో ఏర్పడిన భద్రతా పరిశ్రమ నియంత్రణ సంస్థ, అక్కడ సిరా అని పిలిచే సంస్థ, కెమెరాలు, తలుపు నియంత్రణ వ్యవస్థలు బిగించే కంపెనీలకు లైసెన్సులు ఇస్తుంది. వాటిలో పనిచేసే ఇంజినీర్లు, టెక్నీషియన్లు కూడా నిర్ణీత అర్హత చూపించి గుర్తింపు పొందాలి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తెలుగువారికి ఇలాంటి నియమాలు కొత్త కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఎలక్ట్రానిక్ తలుపు నియంత్రణ పరికరాలు అమర్చే కంపెనీలు అక్కడి ప్రజాభద్రత శాఖ నుంచి లైసెన్సు పొందాలి. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు తాళాలు, భద్రతా పరికరాల పనికి సి-28 అనే ప్రత్యేక వర్గాన్ని, 91 వోల్టులు మించని వ్యవస్థల పనికి సి-7 అనే మరో వర్గాన్ని ఏర్పరిచింది. బ్రిటన్ వేరే దారి పట్టింది. అక్కడ 2001 నాటి చట్టం కాపలా సిబ్బందికి లైసెన్సు పెట్టినా బిగించేవారికి పెట్టలేదు, కానీ స్వతంత్ర ధ్రువీకరణ సంస్థల గుర్తింపు ఉన్నవారి పనికే బీమా కంపెనీలు ప్రాధాన్యమిస్తాయి.

వ్యక్తి అర్హతతో పాటు తలుపు స్వభావాన్ని కూడా నిర్దేశించిన ప్రమాణంగా అమెరికా అగ్నిరక్షణ సంఘం రూపొందించిన ప్రాణరక్షణ స్మృతి, అంటే ఎన్‌ఎఫ్‌పీఏ 101, ప్రత్యేకంగా చెప్పుకోదగినది. విద్యుత్ తాళమున్న నిష్క్రమణ తలుపును అది ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించి స్పష్టమైన షరతులు పెట్టింది. లోపలివైపు నుంచి మనిషి రాకను పసిగట్టి తలుపును విడిచే సెన్సర్ ఉండాలి. కరెంటు పోతే తలుపు తెరుచుకోవాలి. తలుపుకు 5 అడుగుల లోపు, నేల నుంచి 40 నుంచి 48 అంగుళాల ఎత్తులో చేతితో నొక్కే బటన్ ఉండాలి. ఆ బటన్ కంట్రోలర్‌తో నిమిత్తం లేకుండా తాళపు కరెంటును నేరుగా తెంచి కనీసం 30 సెకన్లపాటు తలుపును తెరిచి ఉంచాలి. ఫైర్ అలారం మోగితే తలుపు దానంతట అదే తెరుచుకుని, అలారాన్ని తిరిగి సరిచేసేంతవరకు అలాగే ఉండాలి. పైన వివరించిన బ్యాటరీ లోపానికీ, బటన్ లోపానికీ ఈ షరతుల్లోనే సమాధానముంది. వీటిని తెలుగు రాష్ట్రాల భవనాలకు తగినట్లు మలచుకోవడానికి పరిశోధనలు అక్కర్లేదు, ఒక జీవో చాలు.

ఈ నేపథ్యంలో రెండు ప్రభుత్వాల ముందు ఈ లేఖ ఉంచుతున్న ప్రతిపాదనలు ఇవి. మొదటిది బిగించేవారికి లైసెన్సు. రెండు రాష్ట్రాల్లోనూ విద్యుత్ లైసెన్సింగ్ బోర్డులు ఇప్పటికే వైర్‌మన్ పర్మిట్లు, సూపర్‌వైజర్ పర్మిట్లు, కాంట్రాక్టరు లైసెన్సులు ఇస్తున్నాయి. అదే యంత్రాంగంలో తక్కువ వోల్టేజీ భద్రతా వ్యవస్థలు అనే కొత్త వర్గాన్ని చేర్చి, టెక్నీషియన్‌కు ఒక పర్మిట్, సంస్థకు ఒక లైసెన్సు ఇవ్వవచ్చు. టెక్నీషియన్ పరీక్షలో తాళాల స్వభావం, ఫైర్ అలారంతో అనుసంధానం, నిష్క్రమణ సూత్రాలు, సమాచార భద్రత అనే నాలుగు అంశాలు చాలు. ఆ పరీక్ష తెలుగులోను, ఉర్దూలోను రాసే వీలుండాలి, ఎందుకంటే చేతిలో పని ఉండి ఇంగ్లీషు రానివారిని బయటికి నెట్టేసే లైసెన్సు న్యాయమైనది కాదు. గార్డుకు ఉన్నట్లే పూర్వాపరాల పరిశీలన కూడా ఉండాలి. భవనంలోని తాళాలన్నిటి పాస్‌వర్డులూ తెలిసిన వ్యక్తి, ఆ భవనం తాళంచెవులు చేతిలో పెట్టుకున్నవాడితో సమానం.

రెండోది తలుపుకు అనుమతి. ప్రతి గదికీ అనుమతి అడగడం అనవసరం, ఆచరణ సాధ్యమూ కాదు. సొంత ఇంటి తలుపునూ, సామాను గదినీ, సర్వర్ గదినీ వదిలేసి, జనం బయటికి పోవడానికి వాడే దారిలో ఉన్న తలుపుకు మాత్రమే దీన్ని వర్తింపజేయాలి. అంతస్తు ప్రధాన ద్వారం, మెట్లదారి తలుపు, లిఫ్ట్ లాబీ తలుపు, వార్డు ద్వారం, హాస్టల్ ద్వారం ఈ కోవలోకి వస్తాయి. లైసెన్సున్న సంస్థ ఆన్‌లైన్‌లో అంతస్తు పటం, తలుపు స్థానం, తాళం రకం, అలారంతో అనుసంధానం చూపించే వైరింగ్ చిత్రం జతచేసి నమోదు చేసుకుంటే, నిర్ణీత గడువులో అభ్యంతరం రాకపోతే అనుమతి లభించినట్లే భావించవచ్చు. భవన నిర్మాణ అనుమతుల్లో స్వీయ ధ్రువీకరణ పద్ధతిని తెలంగాణ 2020లోనే చట్టం చేసి అమలు చేసింది గనుక, ఈ విధానం ప్రభుత్వాలకు అలవాటైనదే.

మూడోది పరీక్ష. పని పూర్తయ్యాక మూడు పరీక్షలు చేసి, వాటి వీడియోను, ధ్రువపత్రాన్ని నమోదు చేయాలి. బ్యాటరీతో సహా తాళానికి వెళ్లే కరెంటు ఆపి తలుపు తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఫైర్ అలారం మోగించి, బ్యాటరీ ఉండగానే తాళం విడుతోందో లేదో చూడాలి. కంట్రోలర్‌ను ఆపేసి లోపలి అత్యవసర బటన్ పనిచేస్తోందో లేదో చూడాలి. ఇందుకు పట్టే సమయం అరగంటకు మించదు. ఏటా ఒకసారి ఇదే పరీక్షను వార్షిక నిర్వహణ ఒప్పందంలో భాగంగా చేయించి, ఆ తేదీని తలుపు పక్కనే అందరికీ కనిపించేలా అతికించాలి. ఎన్‌ఓసీ పరిధిలోకి రాని చిన్న భవనాలకు సైతం ఈ పరీక్ష తప్పనిసరి కావాలి, ఎందుకంటే ఫైర్ అలారమే లేని చోట విద్యుత్ తాళం మరింత ప్రమాదకరం. అలాంటి భవనాల్లో నిష్క్రమణ తలుపుకు అయస్కాంత తాళానికి బదులు, లోపలి పిడి తిప్పగానే తెరుచుకునే తాళాన్నే అనుమతించాలి.

నాలుగోది వేలిముద్రల, ముఖచిత్రాల రక్షణ. కార్డు పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర బయటికి పొక్కితే మార్చుకోలేము. ఒక అంతర్జాతీయ బయోమెట్రిక్ తలుపు వ్యవస్థ డేటాబేస్ ఇంటర్నెట్‌లో రక్షణ లేకుండా పడి ఉందని 2019 ఆగస్టులో పరిశోధకులు బయటపెట్టినప్పుడు, అందులో పదిలక్షల మందికి పైగా వేలిముద్రల సమాచారం ఉన్నట్లు తేలింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని చెప్పింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. రెసిడెన్షియల్ కళాశాలల్లో, హాస్టళ్లలో వేలిముద్ర యంత్రాలు వాడుతున్న రెండు రాష్ట్రాలకూ ఇది దగ్గరి విషయం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును మార్చడం, సంస్థ విడిచి వెళ్లినవారి వేలిముద్రను తొలగించడం, సమాచారం ఏ సర్వర్‌లో ఉందో యజమానికి రాతపూర్వకంగా చెప్పడం లైసెన్సు షరతులుగా ఉండాలి. వేలిముద్ర ఇవ్వడం ఇష్టం లేనివారికి కార్డు వాడుకునే వీలు కూడా ఉండాలి.

ఐదోది గేటు దగ్గరి అడ్డంకుల గురించి. గేటెడ్ కమ్యూనిటీల్లో బూమ్ బారియర్లు, తిరుగుడు గేట్లు పెరిగాయి. భవన ప్రాంగణం ప్రధాన ద్వారం ఫైరింజన్ సులభంగా లోపలికి రాగలిగేలా 6 మీటర్లకు తగ్గకుండా ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంటే, రెండు బారియర్ల మధ్య సిమెంటు దిమ్మె కట్టి ఆ వెడల్పును సగం చేయడం నియమాన్ని కాగితం మీద మిగిల్చి నేల మీద చెరిపేయడమే. బారియర్‌ను కరెంటు లేకున్నా చేత్తో ఎత్తే వీలుండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి తిరుగుడు గేటు పక్కన వెడల్పాటి మార్గముండాలి. భవనాలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్న 2016 నాటి చట్టం ఆశయం గేటు దగ్గరే వీగిపోకూడదు.

ఈ ప్రతిపాదనల మీద రాగల అభ్యంతరాలు తీసిపారేయదగినవి కావు. లైసెన్సు అనగానే లంచం గుర్తుకు వచ్చే అనుభవం ప్రజలకుంది. అందుకే అధికారి విచక్షణకు తావిచ్చే తనిఖీని గాక, ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చే పరీక్షను ఆధారంగా తీసుకోవాలని, ప్రతి దశా ఆన్‌లైన్‌లో గడువుతో సాగాలని ఈ లేఖ కోరుతోంది. చిన్న టెక్నీషియన్ల ఉపాధి దెబ్బతింటుందన్న ఆందోళన మరొకటి. ఇప్పుడు పనిచేస్తున్నవారికి రెండేళ్ల గడువిచ్చి, ఐటీఐలలో నామమాత్రపు రుసుముతో స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, అనుభవాన్ని అర్హతగా గుర్తిస్తే, వారి ఉపాధికి విలువ పెరుగుతుంది. ఏ గుర్తింపూ లేని పనికి దక్కే కూలీ కంటే పర్మిట్ ఉన్న పనికి దక్కే కూలీ మెరుగ్గా ఉంటుందని వైర్‌మన్లకు తెలుసు. గల్ఫ్ వెళ్లదలచినవారికి ఆ పత్రం అక్కడా పనికొస్తుంది.

భద్రతా అధికారుల అభ్యంతరం వేరు. ఫైర్ అలారం మోగితే తలుపులన్నీ తెరుచుకునేటట్లయితే, దొంగ కావాలనే అలారం మోగించి లోపలికి చొరబడతాడని వారంటారు. అందులో నిజం లేకపోలేదు. దానికి మందు అలారం మోగిన క్షణం నుంచి కెమెరాలో నమోదు ఉండటం, విలువైన వస్తువులున్న గదికి విడిగా తాళం ఉండటం, జనం నడిచే దారిని ఆ గదితో ముడిపెట్టకపోవడం. ట్రయాంగిల్ కర్మాగారం యజమానులు తలుపుకు తాళం వేసింది కూడా దొంగతనం భయంతోనే. సరుకు పోతే దాని విలువ ఎంతో లెక్క తేల్చవచ్చు, ఆ రోజు పోయిన 146 ప్రాణాలకు మాత్రం అలాంటి లెక్క లేదు.

అధికారం ఎవరిదన్న ప్రశ్నకు రాజ్యాంగంలోనే సమాధానముంది. అగ్నిమాపక సేవలను, భవన నిర్మాణ నియంత్రణను పన్నెండో షెడ్యూలు పురపాలక సంస్థలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది, కాబట్టి ఢిల్లీ వైపు చూడకుండానే రాష్ట్రాలు ముందడుగు వేయవచ్చు. అగ్నిమాపక శాఖ ప్రమాణాన్ని నిర్ణయించాలి, విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు వ్యక్తికి అర్హత ఇవ్వాలి, పురపాలక శాఖ తలుపును నమోదు చేయాలి, పోలీసు శాఖ 2013 చట్టం కింద చేసే పరిశీలనలో ఆ నమోదు ఉందో లేదో చూడాలి. నాలుగు శాఖల మధ్య ఒక ఉమ్మడి ఉత్తర్వు లేకపోవడం వల్లనే ఈ తలుపు ఇన్నాళ్లూ ఎవరి బాధ్యతా కాకుండా ఉండిపోయింది.

ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించే హక్కు భవన యజమానికుంది. లోపల ఉన్న మనిషిని బయటికి పోకుండా ఆపే హక్కు యజమానికీ లేదు, యంత్రానికీ లేదు. ఈ ఒక్క సూత్రాన్ని నియమావళిగా రాసి, బిగించే చేతికి అర్హతను, బిగించిన తలుపుకు పరీక్షను తప్పనిసరి చేయాలని, ముసాయిదాను ప్రజల ముందుంచి వారి అభిప్రాయాలు స్వీకరించాలని రెండు ప్రభుత్వాలకూ విజ్ఞప్తి. ఆ నియమావళి వచ్చేలోగా ప్రతి కార్యాలయం, ప్రతి ఆసుపత్రి, ప్రతి హాస్టల్, ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం తమ తలుపుల మీద ఆ మూడు పరీక్షలనూ ఈ వారంలోనే స్వయంగా చేసి చూసుకోవాలి; అందుకు ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.